కాపలా నడుమే మునిగిన ఓడ
(కాణిపాకంలో చేసిన స్మారకోపన్యాసం)



వరసిద్ధి వినాయకుడి ఎదుట అబద్ధమాడటానికి ఎంతటివాడైనా జంకుతాడు. యుద్ధకాలంలో మునిగిన ఓడల గురించి మాట్లాడటానికి ఇది తగిన చోటే. ఆ రోజుల్లో అలాంటి వార్తలు సెన్సారు దాటి వెంటనే జనానికి చేరేవి కావు.

మన తీరంతోనే మొదలుపెడతాను. 1942 ఏప్రిల్ 6న జపాను విమానాలు విశాఖపట్నం, కాకినాడలపై బాంబులు వేశాయి. ఆ వారంలోనే అడ్మిరల్ ఒజావా నౌకాదళం బంగాళాఖాతంలో ఇరవైకి పైగా వర్తక నౌకల్ని ముంచేసింది. వాటికి సరైన కాపలా లేదు.

మరి కాపలా ఉంటే చాలునా? 1944 ఫిబ్రవరిలో కేఆర్-8 అనే కాన్వాయ్ మొంబాసా నుంచి కొలంబోకు బయలుదేరింది. ఐదు ఓడలు, వాటికి రక్షణగా ఒక క్రూయిజరు, డిస్ట్రాయర్లు. ఆ ఐదింటిలో ‘ఖెదివ్ ఇస్మాయిల్’ ఒకటి. దాన్ని నడిపింది బ్రిటిష్ ఇండియా స్టీమ్ నావిగేషన్ కంపెనీ. మనవాళ్లను రంగూన్‌కు చేరవేసిందీ ఆ కంపెనీ స్టీమర్లే. ఓడలో తూర్పు ఆఫ్రికా ఫిరంగిదళం, నర్సులు, నావికులు, భారతీయ ఖలాసీలు, మొత్తం 1,500 మందికి పైగా ఉన్నారు.

ఫిబ్రవరి 12 మధ్యాహ్నం మాల్దీవుల దగ్గర జపాను జలాంతర్గామి ఐ-27 టార్పెడోలు వదిలింది. చాలామంది లోపల పాటకచేరీ వింటున్నారు. రెండు నిమిషాల్లోపే ఓడ మునిగిపోయింది. 1,297 మంది పోయారు. వారిలో 77 మంది మహిళలు. బతికి బయటపడింది 208 మంది పురుషులు, ఆరుగురు స్త్రీలు.

ఆ తర్వాత జరిగింది ఇంకా ఘోరం. జలాంతర్గామి ప్రాణాల కోసం ఈదుతున్నవాళ్ల కిందే నక్కింది. దాన్ని వదిలితే మిగతా ఓడలకు ముప్పు. ‘పెటార్డ్’ డిస్ట్రాయరు అక్కడే నీటిబాంబులు వేసింది; ఈదుతున్నవాళ్లలో కొందరు వాటికే బలయ్యారు. చివరికి పైకి తేలిన ఐ-27ను పెటార్డ్ టార్పెడోతో ముంచింది. పెటార్డ్ కెప్టెన్‌ను దోషిగా నిలబెట్టలేం. కాన్వాయ్ కాపాడేది మొత్తం వరుసను. అందులోని ఒక్కొక్క ప్రాణానికీ అది హామీ ఇవ్వదు.

ఆ హామీ లేని చోట బాయిలర్ల దగ్గర, డెక్కు మీద పనిచేసింది మన ఖలాసీలు. బ్రిటిష్ నావికుల కంటే వారి జీతం ఎంతో తక్కువ. 1939లో సమ్మె చేసి, జైలుకు వెళ్తే గానీ అది పెరగలేదు. యుద్ధంలో పోయిన వేలాది భారతీయ నావికుల పేర్లు ముంబయిలోనూ చిట్టగాంగులోనూ స్మారక గ్రంథాల్లో ఉన్నాయి. మన పాఠ్యపుస్తకాల్లో మాత్రం వారికి ఒక్క పేరా కూడా దక్కలేదు.

సభకు నా మనవి ఒక్కటే. మీ ఇళ్లలో పాత రంగూన్ టికెట్టో, ఓడ ఉద్యోగపు కాగితమో, యుద్ధకాలపు ఉత్తరమో ఉంటే పారేయకండి. ఒక నకలు జిల్లా గ్రంథాలయానికి ఇవ్వండి. చరిత్ర రాసేవాళ్లకు అదే సాక్ష్యం.