చెయ్యి నొప్పి సరే, తిమ్మిరిని మాత్రం లైట్ తీసుకోవద్దు!

ఈ వీడియో చూస్తూ, ఫోన్ పట్టుకున్న మీ చేతిని ఒక్కసారి చూసుకోండి. మణికట్టు వంగి ఉందా? మోచెయ్యి బాగా మడిచి ఉందా? అయితే ఈ ఎపిసోడ్ మీకోసమే.

బీటెక్ అయ్యాక నేనూ సాఫ్ట్‌వేర్ ఉద్యోగమే చేశాను. 2020లో వర్క్ ఫ్రమ్ హోమ్ అనగానే బెంగళూరు రూమ్ ఖాళీ చేసి ఇంటికొచ్చేశా. టేబుల్ లేదు, సరైన కుర్చీ లేదు. మంచం మీద దిండు, దిండు మీద ల్యాప్‌టాప్. రోజుకు పన్నెండు గంటలు అదే సీన్.

మొదట కుడి ముంజేయి లాగేది. బామ్ రాసుకునేవాడిని. తర్వాత అర్ధరాత్రి మెలకువ వచ్చేది, వేళ్లల్లో చీమలు పాకినట్టు. చెయ్యి విదిలిస్తే తగ్గేది, మళ్లీ పడుకునేవాడిని. ఒకరోజు బండి మీద కాణిపాకం బయల్దేరితే, చంద్రగిరి దాటేసరికి యాక్సిలేటర్ మీదున్న వేళ్లు మొద్దుబారిపోయాయి. అయినా పట్టించుకోలేదు. ఎందుకంటే అప్పటికి నొప్పి తగ్గింది! నొప్పి లేదు కాబట్టి నయమైపోతోంది అనుకున్నా.

ఇలా ఏడాది గడిచింది. ఒక పొద్దున అమ్మ టీ గ్లాసు ఇచ్చింది. పట్టుకున్నాననే అనుకున్నా. జారి కింద పడింది. "ఏందిరా నాయనా, చేతిలో పట్టు లేదా?" అనింది అమ్మ. అప్పుడు భయమేసింది.

డాక్టర్ అడిగిన మొదటి ప్రశ్న: "ఏ వేళ్లు?" నేనెప్పుడూ గమనించలేదు. మీరు గమనించండి. బొటనవేలు, చూపుడు వేలు, మధ్యవేలు, ఉంగరం వేలులో సగం తిమ్మిరెక్కితే, ఎక్కువగా మణికట్టు దగ్గర మీడియన్ నరం నలుగుతున్నట్టు. అక్కడ సన్నటి దారిలో తొమ్మిది స్నాయువులతో పాటు ఈ నరం కూడా వెళ్లాలి. కాస్త వాపొచ్చినా ముందు నలిగేది నరమే. దీన్నే కార్పల్ టన్నెల్ సిండ్రోమ్ అంటారు. చిటికెన వేలు, దాని పక్క వేలు అయితే మోచేతి దగ్గర వేరే నరం. పడుకుని మోచెయ్యి మడిచి గంటలు గంటలు రీల్స్ చూసేవాళ్లూ, వింటున్నారా? మెడ నుంచి నొప్పి చేతిలోకి దిగితే మెడ కూడా చూపించుకోవాలి.

తప్పంతా కంప్యూటర్‌దే అని తేల్చేయకండి. కీబోర్డు వల్లే ఇది వస్తుందా అన్నదానిపై పరిశోధకుల్లో ఏకాభిప్రాయం లేదు. షుగర్, థైరాయిడ్, గర్భం కూడా కారణాలే. అందుకే రక్తపరీక్షలు, నరాల పరీక్ష రాస్తారు.

మన చిత్తూరోళ్లకు వేలూరు సీఎంసీ తెలుసు కదా. 1946లో అక్కడికొచ్చిన పాల్ బ్రాండ్ అనే సర్జన్ కుష్ఠు రోగుల చేతులు చూసి ఒక సంగతి గ్రహించారు. ఆ వేళ్లు వాటంతటవే రాలిపోవట్లేదు. స్పర్శ పోయాక, కాలినా తెగినా తెలియక పాడైపోతున్నాయి. అందుకే నొప్పిని ఆయన వరం అన్నారు. మన జబ్బు వేరు, కానీ పాఠం అదే. నొప్పి పోయి తిమ్మిరి మిగిలితే అది నయం కాదు.

తొందరగా వెళ్తే చాలామందికి రాత్రిపూట మణికట్టు వంగకుండా స్ప్లింట్ కట్టుకుంటే సరిపోతుంది. నేను లేట్ చేశాను, ఆపరేషన్ దాకా వెళ్లింది. ఇప్పటికీ చూపుడు వేలి కొసకి పూర్తి స్పర్శ రాలేదు.

ల్యాప్‌టాప్‌ను కంటి ఎత్తుకు లేపండి, విడిగా కీబోర్డు పెట్టుకోండి, మణికట్టు నిటారుగా ఉంచండి, అరగంటకోసారి లేవండి. రాత్రుళ్లు తిమ్మిరితో మెలకువ వస్తున్నా, చేతిలో వస్తువులు జారుతున్నా, బొటనవేలి కింది కండ తగ్గుతున్నా ఆగొద్దు. మన తిరుపతిలోనే స్విమ్స్ ఉంది, బర్డ్ ఉంది. ఉన్నట్టుండి ఒకవైపు చెయ్యి పడిపోయి, మూతి వంకర పోయి, మాట తడబడితే మాత్రం అది స్ట్రోక్ కావచ్చు, వెంటనే 108కి కాల్ చేయండి.

మీకు తిమ్మిరెక్కేది ఏ వేలో ఈ రాత్రే చూసుకోండి. డాక్టర్ అడిగితే నాలాగా తెల్లమొహం వేయొద్దు. ఉంటా, బై!