అందరికీ అర్థమైన గొంతు
(అమీన్ సయానీ సంస్మరణ సభలో చేసిన ప్రసంగ పాఠం)

సభాధ్యక్షులకు, పెద్దలకు, సోదరీమణులకు, సోదరులకు అస్సలాము అలైకుమ్.

సోదరీమణులను ముందుగా సంబోధించడం నేను అమీన్ సయానీ గారి వద్దనే నేర్చుకున్నాను. ‘బెహనో ఔర్ భాయియో’ అన్న ఆయన పిలుపులో స్త్రీలకే మొదటి స్థానం.

1932 డిసెంబరు 21న బొంబాయిలో జన్మించిన సయానీ గారు 2024 ఫిబ్రవరి 20న అదే నగరంలో కన్నుమూశారు. 1952లో నాటి కేంద్ర సమాచార మంత్రి కేస్కర్ ఆకాశవాణిలో సినిమా పాటలకు చోటు లేకుండా చేయగా, శ్రోతలు రేడియో సిలోన్‌ వైపు మళ్ళారు. ఆ డిసెంబరులోనే ‘బినాకా గీత్‌మాలా’ మొదలైంది. బుధవారం రాత్రి 8 గంటలకు మా వీధి పిల్లలమంతా రేడియో ఉన్న ఇంటి అరుగుపై చేరేవాళ్ళం. అక్కడ ఎవరి మతం ఏమిటని ఎవరూ అడగలేదు. ఈ వారం మొదటి పాట ఏదన్నదే మా తగవు.

ఆ సులభమైన హిందుస్తానీ ఆయనకు తల్లి ఇచ్చిన ఆస్తి. కుల్సుమ్ సయానీ వయోజన విద్యకై శ్రమించిన మహనీయురాలు. గాంధీజీ ప్రోత్సాహంతో ఆమె 1940 నుండి 1960 వరకు ‘రహబర్’ పత్రికను నడిపారు. ఒకే సరళమైన భాషను ఉర్దూ, నాగరి, గుజరాతీ లిపుల్లో అచ్చువేశారు. బాలుడైన అమీన్ ఆ పనిలో తల్లికి తోడుగా ఉన్నారు.

ఇక్కడ నా సిగ్గును దాచకుండా చెప్పాలి. నేను గుమాస్తాగా ఉండగా ఒక వృద్ధ వితంతువు పింఛను కోసం ఉర్దూలో అర్జీ తెచ్చింది. నా పేరు చూసి, ‘బేటా, నువ్వున్నావు, ఇక భయం లేదు’ అంది. తెలుగు మాధ్యమంలో చదివిన నాకు ఉర్దూ మాట వచ్చు, అక్షరం రాదు. ఆ కాగితాన్ని ఇంటికి తీసుకువెళ్ళి అమ్మచేత చదివించుకొని, మరునాడు తెలుగులో రాసి జతచేశాను. ఆ అర్జీ కదిలింది. చదివేవారు లేక కదలని అర్జీలు ఎన్నో!

తప్పు ఆ తల్లిది కాదు. ప్రభుత్వ వ్యవహారంలోని ఏ భాషలోనైనా అర్జీ ఇచ్చుకునే హక్కు రాజ్యాంగం 350వ అధికరణం మనకిచ్చింది. ప్రాథమిక దశలో మాతృభాషా బోధనకు వసతులు కల్పించమని 350-ఎ చెబుతోంది. తెలుగు రాష్ట్రాలు రెండింటా ఉర్దూ రెండవ అధికార భాష. చట్టం ఉన్నది, చదివే ఉద్యోగి, బోధించే ఉపాధ్యాయుడు ఉండాలి. ఆ ఖాళీల భర్తీకి మనం పట్టుబట్టాలి.

అదే సమయంలో మన గోడును పొరుగువారికి అర్థమయ్యే మంచి తెలుగులోనూ చెప్పాలి. తెలుగు కూడా మన భాషే. ఒక భాష నేర్వడమంటే మరొకటి వదులుకోవడం కాదని ‘రహబర్’ మూడు లిపుల్లో చాటింది.

మీ పిల్లలకు ఈ రాత్రి ఒక ఉర్దూ అక్షరం దిద్దించండి. సయానీ గారికి అంతకు మించిన నివాళి లేదు. అల్లాహ్ ఆయనకు మగ్ఫిరత్ ప్రసాదించుగాక. ఖుదా హాఫిజ్.