విద్యాక్షేత్రము – భూవినియోగము

విద్యాపీఠ నిర్మాణమనగానే మనకు మొదట స్ఫురించునవి భవనములు. కాని భవనములకు ముందు భూమి యున్నది. భూమిని గూర్చి యోచించుటకు ముందు నీటిని గూర్చి యోచింపవలసి యున్నది. బి. కొత్తకోట, మదనపల్లె ప్రాంతములలో పుట్టి పెరిగినవారికి ఈ మాట విడమరచి చెప్పనక్కరలేదు. చెరువు నిండి మరవ పారిన యేడే ఇచ్చట నిజమైన పండుగ.

ఈ సీమకు విద్యాపీఠపు కల క్రొత్తది గాదు. మదనపల్లెలో దివ్యజ్ఞాన కళాశాల 1915లో ఏర్పడెను. 1919లో రవీంద్రనాథ ఠాకూరు అచ్చట కొన్నినాళ్లు బసచేసి, ‘జనగణమన’ గీతమును ఆంగ్లమున అనువదించిరి. మదనపల్లెలోనే 1895లో జన్మించిన జిడ్డు కృష్ణమూర్తి, 1925 ప్రాంతమున విశ్వవిద్యాలయమునకు తగిన స్థలము వెదకుచు, తెట్టు సమీపమున గొప్ప మఱ్ఱిచెట్టు గల యొక లోయను ఎన్నుకొనిరి. అదియే ఋషివ్యాలీ. విశ్వవిద్యాలయము రాలేదు, పాఠశాల వచ్చెను. అయినను విద్యాక్షేత్రమున భూమిని ఎట్లు పంచుకొనవలెనో తెలియగోరువారికి ఇంతకంటె దాపున మంచి ఉదాహరణము లేదు.

నాడది వానలు తక్కువైన బీడు నేల. క్రమముగా చెట్లు నాటిరి. వాననీరు నిలుచుటకు కట్టలు వేసిరి. నేడచ్చట తరగతిగదులు, విద్యార్థి వసతులు, ఉపాధ్యాయుల యిండ్లు, కూరగాయల మళ్లు, పాడిపశువులు, పల్లెవారి కొరకు వైద్యశాల, గ్రామీణ పాఠశాల – అన్నియు ఒకే ఆవరణమున ఇమిడియున్నవి. 1991లో ఆ లోయ పక్షుల రక్షితస్థలముగా కూడ ప్రకటింపబడెను.

దీనినుండి గ్రహింపదగినవి మూడు విషయములు. మొదటిది, నేల వాలును బట్టి పని నిర్ణయించుట. పల్లము కుంటకు, ఏటవాలు చెట్లకు, సారవంతమైన నేల సేద్యమునకు విడిచి, గట్టి గరప నేలపై కట్టడములు లేపవలెను. కుంటను పూడ్చి కట్టిన భవనము వానకాలమున నీట నానును. వేసవిలో దాహముతో నుండును.

రెండవది, పనులను దూరదూరముగా విడదీయకుండుట. చదువుచోటు ఒక దిక్కున, నివాసములు మైళ్ల దూరమున నున్నచో గంట మ్రోగగానే గురుశిష్య సంబంధము ముగియును. గ్రంథాలయము, వసతిగృహము, అంగడి, ఆటస్థలము కాలినడకకు అందుబాటున నున్నచో సాయంకాలము కూడ విద్యాకాలమే యగును.

మూడవది అన్నిటికంటె కఠినమైనది. ఖాళీగా కనబడు భూమి నిజముగా ఖాళీ గాదు. అది ఎవరి పశువులకో మేత బీడు. ఏ పల్లెకో నీళ్ల బావికి పోవు దారి. గోడ కట్టిననాడు ఆ దారి మూసికొనిపోవును. 1948–49లో సర్వేపల్లి రాధాకృష్ణన్ అధ్యక్షతన పనిచేసిన విశ్వవిద్యాలయ విద్యాసంఘము గ్రామీణ విశ్వవిద్యాలయములు కావలెనని సూచించెను. పల్లెకు చేరువగా నుండుట వేరు, పల్లె నేలను మ్రింగుట వేరు. ఆవరణములోని వైద్యశాల, పాఠశాల, బాట పల్లెవారికి కూడ తెరచియుంచిననే ఆ ఋణము కొంతయైన తీరును.

కావున పటము గీయు నిపుణుడు కాగితము పరచుటకు ముందు ఒక వానకాలము ఆ నేలపై తిరుగవలెను. నీరు ఎటు పారునో, పశువులు ఎటు పోవునో, మనుష్యులు ఏ చెట్టు నీడన నిలుతురో చూడవలెను. తప్పుగా కట్టిన గోడను పడగొట్టవచ్చును. పూడిపోయిన చెరువును మరల త్రవ్వుటకు ఒక తరము చాలదు.