కంప్యూటరు ఆన్ కాకపోతే కంగారు పడవద్దు

(చింతూరులో జరిగిన మన సంఘ సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



కరవు భత్యం గురించి, వైద్య ఖర్చుల గురించి మాట్లాడుకునే ఈ వేదిక మీద పాత కంప్యూటర్ల రిపేరు గురించి నాలుగు మాటలు చెప్పమని కార్యదర్శిగారు ఆదేశించారు. నేను ఇంజనీరును కాను. గుమాస్తాగా చేరిన వాణ్ణి. సర్వీసు చివరి సంవత్సరాలలో ఆఫీసు కంప్యూటర్ల బాగోగులు నా మీద పడ్డాయి. మెకానిక్ రావాలంటే భద్రాచలం నుంచో, మారేడుమిల్లి ఘాట్ దిగి రాజమండ్రి నుంచో రావాలి గనుక చేతనైనంత మనమే చూసుకోక తప్పేది కాదు. అలా నేర్చుకున్న విషయాలనే మీకు మనవి చేస్తాను.

ఇది పెన్షనర్లకు ఎందుకు అనుకోవచ్చు. మనలో చాలామంది ఇళ్లలో పిల్లలు వాడి వదిలిన పాత డెస్క్‌టాప్ ఒకటి ఉంది. అందులో పెన్షన్ స్లిప్పులు, సర్వీసు రిజిస్టరు నకళ్లు, పాసు పుస్తకం కాపీలు, పోలవరం ముంపు పరిహారం అర్జీలు, మనవల ఫోటోలు ఉంటాయి. మన మండలం 2014లో ఖమ్మం జిల్లా నుంచి తూర్పు గోదావరికి, 2022లో అల్లూరి సీతారామరాజు జిల్లాకు మారింది. జిల్లాలూ రాష్ట్రమూ మారినప్పుడు పాత కాగితం ఏ ఆఫీసులో ఉందో వెతుక్కోవలసిన కష్టం ఇక్కడున్న వారికి తెలియనిది కాదు. ఇంట్లో స్కాన్ చేసి పెట్టుకున్న కాపీయే అప్పుడు ఆదుకుంటుంది.

మనకు తెలిసిన ఒక సోదరి, కుటుంబ పెన్షన్ తీసుకునే ఆవిడ, కంప్యూటరు ఆన్ కావడం లేదని ఒక ఊళ్లో దుకాణానికి పంపారు. ఫార్మాట్ చేయాలన్నారు. ఆ మాటకు అర్థం తెలియక సరే అన్నారు. కంప్యూటరు బాగై వచ్చింది. భర్తగారి సర్వీసు కాగితాలు, ఆయన ఫోటోలు మాత్రం పోయాయి. ఎలుక ఉందని ఇల్లు తగలబెట్టుకున్నట్టయింది. నేను ఈ రోజు చెప్పదలచుకున్నది ఒక్కటే. కంప్యూటరు ఆన్ కాకపోవడం వేరు, అందులోని కాగితాలు పోవడం వేరు. మొదటిది జరిగితే రెండోది కూడా జరిగిందనుకుని ఫార్మాట్‌కు ఒప్పుకోవద్దు.

అసలు మీట నొక్కాక ఏం జరుగుతుందో చూద్దాం. దీన్ని మన ఆఫీసు తెరిచే పద్ధతితో పోల్చవచ్చు. పొద్దున్నే వాచ్‌మన్ వచ్చి తాళాలు తీస్తాడు, దీపాలు వెలుగుతున్నాయా, బల్లలు కుర్చీలు ఉన్నాయా చూస్తాడు, ఆ తర్వాత ఆఫీసరుగారికి అప్పగిస్తాడు. కంప్యూటరులో ఈ వాచ్‌మన్ పేరు బయాస్. మదర్‌బోర్డు మీదున్న ఒక చిప్‌లో కంపెనీవారే రాసి పెట్టిన చిన్న ప్రోగ్రాం అది. ఇలాంటి ప్రోగ్రాంనే ఫర్మ్‌వేర్ అంటారు. 1981 ఆగస్టులో ఐబీఎం కంపెనీ విడుదల చేసిన పర్సనల్ కంప్యూటరు నుంచి ఈ ఏర్పాటు ఉంది. విండోస్ 8 వచ్చిన 2012 నుంచి కొత్త కంప్యూటర్లలో దీని స్థానంలో యూఈఎఫ్ఐ అనే ఫర్మ్‌వేర్ బాగా వ్యాపించింది. చేసే పని అదే. ముందు కరెంటు, మెమరీ, డిస్‌ప్లే, కీబోర్డు సరిచూసుకుంటుంది. తర్వాత హార్డ్ డిస్క్‌ను వెతికి విండోస్‌కు పెత్తనం అప్పగిస్తుంది. దీన్నే బూట్ కావడం అంటారు. మన కాగితాలు హార్డ్ డిస్క్‌లో ఉంటాయి. వాచ్‌మన్ గేటు దగ్గరే ఆగిపోతే బీరువాలోని ఫైళ్లు ఎక్కడికీ పోవు గదా.

కాబట్టి పని ఎంతవరకు నడిచి ఎక్కడ ఆగిందో ముందు గమనించాలి. నాలుగు మజిలీలు ఉన్నాయి.

మొదటి మజిలీ కరెంటు. దీపం వెలగదు, ఫ్యాన్ తిరగదు. మన ఊళ్లో వర్షాకాలం పిడుగులు, వోల్టేజి హెచ్చుతగ్గులు చెప్పనక్కరలేదు. ముందుగా యూపీఎస్‌ను తప్పించి నేరుగా గోడ ప్లగ్గులో పెట్టి చూడండి. యూపీఎస్ లోపలి బ్యాటరీ కొన్నేళ్లకే చచ్చిపోతుంది, నింద కంప్యూటరు మీద పడుతుంది. పెట్టె వెనుక ఉన్న చిన్న స్విచ్ చూడండి. తర్వాత వైరు పూర్తిగా పీకేసి, పవర్ మీటను అర నిమిషం నొక్కి పట్టుకుని, మళ్లీ వైరు పెట్టి ప్రయత్నించండి. లోపల నిలిచిపోయిన కరెంటు పోయి కొన్ని కంప్యూటర్లు దీనితోనే ఆన్ అవుతాయి. వైర్లన్నీ వచ్చే ఇనుప డబ్బాను, అంటే ఎస్ఎంపీఎస్‌ను, ఎవరూ విప్పవద్దు. ప్లగ్గు తీసినా అందులో ప్రమాదకరమైన కరెంటు నిలవ ఉంటుంది.

రెండో మజిలీలో ఫ్యాన్ తిరుగుతుంది గాని తెర మీద ఏమీ రాదు. బీప్ శబ్దాలు వినిపించవచ్చు. బయాస్ తన ఫిర్యాదు చెప్పుకునే తీరు అది. చాలా పాత బోర్డుల్లో అంతా బాగుంటే ఒక్క చిన్న బీప్ వస్తుంది. అవార్డ్ రకం బయాస్‌లో ఒక పొడుగు, రెండు పొట్టి బీప్‌లు వస్తే డిస్‌ప్లే కార్డు సంగతి చూడాలి. పొడుగు బీప్‌లు ఆగకుండా వస్తుంటే మెమరీ సంగతి. కంపెనీని బట్టి ఈ లెక్క మారుతుంది. మన ప్రాంతపు చెమ్మకు ఎక్కువగా దెబ్బ తినేది మెమరీ పట్టీయే. వైరు పీకి, పెట్టె ఇనుప భాగాన్ని ఒకసారి చేత్తో తాకి, పట్టీని రెండు చివరల క్లిప్పులు వదులు చేసి తీయాలి. దాని అంచున పసుపు రంగులో ఉండే గీతల్ని పెన్సిల్ రబ్బరుతో మెల్లగా రుద్ది, పొడి గుడ్డతో తుడిచి, టక్కున శబ్దం వచ్చేదాకా మళ్లీ నొక్కాలి. మా ఆఫీసులో ప్రతి వానాకాలం ఈ వైద్యంతోనే ఏదో ఒక కంప్యూటరు బతికేది. బోర్డు మీద నిలువుగా ఉండే చిన్న డబ్బీల్లాంటి కెపాసిటర్ల తలలు ఉబ్బి ఉంటే మాత్రం అది మన చేతిలో లేదు. 2000 తర్వాత కొన్నేళ్లపాటు వచ్చిన బోర్డులు చాలా ఆ జబ్బుతో పాడయ్యాయి. బోర్డు పోయినా హార్డ్ డిస్క్ వేరుగా బాగుంటుంది.

మూడో మజిలీ ముఖ్యమైనది. నల్లటి తెర మీద ఇంగ్లీషు అక్షరాలు వస్తాయి. సీమాస్ చెక్‌సమ్ ఎర్రర్ అనో, తేదీ సరిచేయండి అనో, ఎఫ్1 నొక్కండి అనో ఉంటుంది. 1984లో వచ్చిన ఐబీఎం ఏటీ కంప్యూటరు నుంచి తేదీ, సెట్టింగులు గుర్తుంచుకోవడానికి ఒక బ్యాటరీ పెట్టడం మొదలైంది. ఇప్పుడు మనం చూసేది సీఆర్ 2032 అనే బిళ్ల బ్యాటరీ. 20 మిల్లీమీటర్ల వెడల్పు, 3.2 మిల్లీమీటర్ల మందం, 3 వోల్టులు. కరెంటు లేనప్పుడు గడియారాన్ని నడిపేది ఇదే. కొన్నేళ్లకు అయిపోతుంది. అయిపోయాక కంప్యూటరు ఆపినప్పుడల్లా తేదీ ఎన్నో ఏళ్లు వెనక్కు పోతుంది.

తేదీ తప్పితే నష్టమేమిటి అంటారేమో. బ్యాంకు, పెన్షన్ వెబ్‌సైట్లకు ఫలానా తేదీ నుంచి ఫలానా తేదీ వరకు చెల్లే ధృవపత్రం ఒకటి ఉంటుంది. మన కంప్యూటరు ఇది 2009 అని నమ్ముతుంటే, ఆ ధృవపత్రం ఇంకా మొదలే కాలేదనుకుని సైటు భద్రం కాదని ఆపేస్తుంది. మన మిత్రులొకరు, రిటైరైన ఉపాధ్యాయులు, నెల రోజులు నెట్‌వర్క్‌ను తిట్టుకున్నారు. కొత్తది కొనమని ఫోనులో కొడుకు చెప్పాడు. చివరికి బిళ్ల బ్యాటరీ మార్చి తేదీ సరిచేస్తే అన్ని సైట్లూ తెరుచుకున్నాయి.

బ్యాటరీ మార్చేముందు ఒక జాగ్రత్త. వీలైతే ఆన్ చేయగానే డిలీట్ మీటో ఎఫ్2 మీటో నొక్కి బయాస్ తెర తెరవండి. హెచ్‌పీ కంప్యూటర్లలో ఎక్కువగా ఎఫ్10 ఉంటుంది. అందులో మూడు సంగతులు కాగితం మీద రాసుకోండి. బూట్ వరుసలో మొదట ఏముంది, సాటా మోడ్ ఏహెచ్‌సీఐ అని ఉందా ఐడీఈ అని ఉందా, బూట్ పద్ధతి లెగసీయా యూఈఎఫ్ఐయా. బ్యాటరీ తీస్తే ఇవి కంపెనీ పెట్టిన మొదటి స్థితికి పోవచ్చు. సాటా మోడ్ మారితే విండోస్ సగంలో నీలి తెర చూపి మళ్లీ మళ్లీ మొదలవుతుంది. విండోస్ పాడైందని అప్పుడే ఫార్మాట్ మాట వస్తుంది. పాత సెట్టింగు తిరిగి పెడితే చాలు. బ్యాటరీని వైరు పీకిన తర్వాతే, ప్లస్ గుర్తు పైకి ఉండేలా పెట్టాలి. తీసిన బిళ్లను మనవలకు అందకుండా పారేయండి. పిల్లలు మింగితే గంటల్లో అన్నవాహిక కాలిపోతుంది. మింగారన్న అనుమానం వస్తే వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లాలి.

నాలుగో మజిలీ బూట్ డివైస్ దొరకలేదు అనే సందేశం. ముందుగా పెన్ డ్రైవ్ ఏదైనా తగిలించి మరచిపోయారేమో చూడండి. కంప్యూటరు దాంట్లో విండోస్‌ను వెతుకుతూ ఉండవచ్చు. తర్వాత బయాస్ తెరలో హార్డ్ డిస్క్ పేరు కనిపిస్తోందా చూడండి. కనిపిస్తే డిస్క్ చాలావరకు ప్రాణంతో ఉన్నట్టే, బూట్ వరుస సరిచేయండి. కనిపించకపోతే దాని సన్నని కేబుల్ రెండు చివరలూ తీసి పెట్టండి. డిస్క్ నుంచి టిక్కు టిక్కుమని శబ్దం వస్తుంటే వెంటనే ఆపేయండి. ఆన్ చేసిన కొద్దీ కాగితాలు దక్కే ఆశ తగ్గుతుంది.

డిస్క్ బాగుండి విండోస్ మాత్రమే చెడితే కాగితాలు బయటికి తీసే దారులు రెండున్నాయి. ఉబుంటు వంటి లైనక్స్‌ను పెన్ డ్రైవ్‌లో వేయించి, డిస్క్ మీద ఏమీ రాయకుండా దానితోనే కంప్యూటరును నడిపి ఫైళ్లు కాపీ చేసుకోవచ్చు. లేదా డిస్క్‌ను విప్పి, యూఎస్‌బీకి కలిపే పెట్టెలో పెట్టి మరో కంప్యూటరులో తెరవవచ్చు. దుకాణంవారిని మొదట ఈ పని చేయమని అడగండి. కాపీ మీ కళ్లతో చూసుకున్నాకే ఫార్మాట్‌కు ఒప్పుకోండి. భద్రాచలం బస్సులో పెట్టె మొత్తం మోయనక్కరలేదు, డిస్క్ ఒక్కటి చేతిసంచిలో పడుతుంది.

బయాస్‌ను అప్‌డేట్ చేస్తే బాగుపడుతుందని కొందరు చెబుతారు. బాగా నడుస్తున్న పాత కంప్యూటరుకు ఆ జోలికి పోవద్దని నా మనవి. ఆ చిప్‌లో కొత్త ప్రోగ్రాం రాస్తుండగా కరెంటు పోతే బోర్డు పనికిరాకుండా పోవచ్చు. ఆ చిప్ చెరిగితే ఏమవుతుందో 1999 ఏప్రిల్ 26న లోకం చూసింది. తైవాన్‌లో ఒక విద్యార్థి రాసిన సీఐహెచ్ అనే వైరస్ ఆ రోజు ఎన్నో కంప్యూటర్ల బయాస్‌ను చెరిపేసి వాటిని మూగవి చేసింది. తప్పనిసరైతే అదే మోడల్ నంబరుకు తయారీ కంపెనీ ఇచ్చిన ఫైలుతోనే, మంచి యూపీఎస్ మీదనే చేయించండి.

2025 అక్టోబరు 14తో విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ సాధారణ మద్దతు ఆపేసింది. మన పాత కంప్యూటర్లలో చాలావాటికి విండోస్ 11 ఎక్కదు. అంతమాత్రాన అవి చెత్త కాదు. లైనక్స్‌తో ఉత్తరాలు రాసుకోవడానికి, పెన్షన్ స్లిప్పు చూసుకోవడానికి పనికొస్తాయి. మద్దతు లేని విండోస్‌లో మాత్రం బ్యాంకు లావాదేవీలు చేయకండి.

చివరగా వరద మాట. 2022 జూలైలో భద్రాచలం దగ్గర గోదావరి 71 అడుగులు దాటినప్పుడు శబరి ఎగదన్ని మన ఊరు ఏమైందో అందరం చూశాం. భద్రాచలం దగ్గర 43 అడుగులకు మొదటి హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది ఇస్తారు. మొదటి హెచ్చరికకే పెట్టెను అటక మీదికి చేర్చండి. ఊరు వదలాల్సి వస్తే డిస్క్ విప్పి ప్లాస్టిక్ సంచిలో చుట్టి పాసు పుస్తకాలతో పాటు తీసుకెళ్లండి. నీళ్లలో మునిగిన కంప్యూటరును ఎండలో పెట్టి ఆన్ చేసి చూడవద్దు. ఆ డిస్క్‌ను ఆన్ చేయకుండానే డేటా తీసే నిపుణులకు ఇవ్వాలి. వీటన్నిటికన్నా మేలు, ముఖ్యమైన కాగితాల కాపీ ఒకటి పెన్ డ్రైవ్‌లో వేసి వేరే ఊళ్లో ఉన్న పిల్లల దగ్గర ఉంచడం.

ఇంటికి వెళ్లాక ఒక తెల్ల కాగితం తీసుకుని, నేను చెప్పిన మూడు సెట్టింగులు, బయాస్ తెరిచే మీట, బ్యాటరీ మార్చిన తేదీ రాసి పెట్టె పక్కన అంటించండి. దాని కింద పెద్ద అక్షరాలతో “నన్ను అడగకుండా ఫార్మాట్ చేయవద్దు” అని రాయండి. ఇది ఎలా రాయాలో తెలియని వారు మొహమాటపడకుండా సంఘం గదికి రండి, కలిసి చూద్దాం.