మన పిల్లల చేతికి ఏ నవల ఇద్దాం?

(పెనుగొలనులో, సాయంత్రం బడులు నడుపుతున్న యువతీ యువకులతో మాట్లాడిన ప్రసంగ పాఠం)



నన్ను పిలిచినప్పుడు 2006 అటవీ హక్కుల చట్టం గురించో, కుల ధ్రువీకరణ పత్రాల గురించో మాట్లాడతానని అనుకుని ఉంటారు. ఆ పని ఎలాగూ నడుస్తూనే ఉంది. ఇవాళ మాత్రం పిల్లల నవలల గురించి మాట్లాడదామని వచ్చాను. నవ్వకండి, సీరియస్‌గానే అంటున్నాను. ఈ పేజీలో దీన్ని చదువుతున్న మీరు కూడా మీ గూడెంలోనో, తండాలోనో, యానాది కాలనీలోనో సాయంత్రం పూట నలుగురు పిల్లల్ని కూర్చోబెట్టుకునే మనిషైతే, ఇది మీతో చెబుతున్న మాటే.

ఎనిమిది నుంచి పన్నెండేళ్ల వయసు చూడండి. పిల్లకి అక్షరాలు వచ్చేశాయి. బొమ్మల పుస్తకం ఇస్తే "ఇది చిన్నపిల్లలది" అంటుంది. పెద్దవాళ్ల నవల ఇస్తే మూడో పేజీలో ఆగిపోతుంది. ఇంగ్లీషులో ఈ వయసు పుస్తకాలకి మిడిల్ గ్రేడ్ అని పేరు పెట్టి, షాపుల్లో వాటికి వేరే అర కేటాయిస్తారు. తెలుగులో అర సంగతి దేవుడెరుగు, వాడుకలో ఒక పేరు కూడా లేదు. మన పిల్లలు బడి నుంచి జారిపోయేది కూడా సరిగ్గా ఆ వయసులోనే. ఐదు అయ్యాక బడి మారాలి, చాలామందికి ఊరు కూడా మారాలి, హాస్టల్‌కి వెళ్లాలి. ఈ తిరువూరు వైపు మిరపకోతలు మొదలైతే అమ్మానాన్నలతో పాటు పిల్లలూ చేలోకి పోతారు. కోతలు అయ్యి తిరిగి వచ్చేసరికి క్లాసు ముందుకెళ్లిపోయి ఉంటుంది. అప్పుడు టెక్స్ట్‌బుక్ తెరిస్తే భయమేస్తుంది. ఆ భయం లేకుండా తెరవగలిగే పుస్తకం ఒకటి ఇంట్లో ఉండాలి అన్నదే నా మాట.

మరి నవలే ఎందుకు, నీతికథలు చాలవా అని మీలో కొందరు అడుగుతారు. నీతికథ రెండు పేజీల్లో అయిపోతుంది. తప్పు చేసినవాడు చివరి వాక్యంలోపే బుద్ధి తెచ్చుకుంటాడు. మన పిల్లలకి బుద్ధి చెప్పేవాళ్లకి కొరత లేదు కదా, బడిలో ఉన్నారు, హాస్టల్లో ఉన్నారు, ఆఫీసుల్లో ఉన్నారు. నవలలో ఇంకో పిల్లతో పది రోజులు కలిసి ఉండొచ్చు. ఆ పిల్ల అలుగుతుంది, అబద్ధమాడుతుంది, పారిపోతుంది, తిరిగొస్తుంది. ఇవాళ ఆపిన చోట రేపు మళ్లీ మొదలుపెట్టాలనే తొందర పుడుతుంది. చదవడం అలవాటయ్యేది ఆ తొందర వల్లే. ర్యాంకులకీ దానికీ సంబంధం లేదు.

కానీ ఏ నవల పడితే అది ఇవ్వలేం. తెలుగు కథల్లో, సినిమాల్లో అడవి ఎలా కనిపిస్తుందో మీకు తెలుసు. ఈకలు పెట్టుకుని ఈటెలు పట్టుకుని ఎగిరే జనం, నరబలి అడిగే దొర, లేదంటే రోడ్డు మీద జోస్యం చెప్పే కోయదొర. మంచి మనసుతో రాసినవాళ్లు కూడా చాలాసార్లు మనల్ని ఏడుస్తూ నిలబెడతారు, కాపాడటానికి పట్నం నుంచి ఒకాయన వస్తాడు. నేను పుస్తకం చేతిలోకి తీసుకుంటే ఒకే ప్రశ్న వేసుకుంటాను. ఇందులో మనలాంటి పిల్ల ఎక్కడైనా తనంతట తాను ఒక నిర్ణయం తీసుకుంటుందా? తీసుకోకపోతే ఆ పుస్తకాన్ని పక్కన పెడతాను. ఎంత అందంగా రాసినా సరే.

ఇక పుస్తకాల్లోకి వద్దాం. మొదట 'రైలుబడి'. జపాన్‌లో టెట్సుకో కురొయనాగి తన చిన్ననాటి సంగతులతో రాసిన పుస్తకం, 1981లో అచ్చయింది, తెలుగులో దొరుకుతుంది. నిజంగా జరిగిన సంగతులే అయినా నవలలా సాగుతుంది. తొత్తోచాన్ అనే పిల్లని ఒకటో తరగతిలోనే బడి నుంచి పంపించేస్తారు. కిటికీ దగ్గర నిలబడి వీధిలో పోయే వాయిద్యాలవాళ్లని పిలవడం, డెస్కు మూత వందసార్లు తీసి వేయడం ఆమె నేరాలు. తర్వాత పాత రైలు పెట్టెల్లో క్లాసులు నడిపే తొమోయె బడికి వెళుతుంది. మొదటి రోజు అక్కడి హెడ్‌మాస్టర్ కొబయాషి ఆ పిల్ల చెప్పేదంతా నాలుగు గంటలు వింటాడు. నాలుగు గంటలు! మన పిల్లల మాట ఏ ఆఫీసులోనైనా నాలుగు నిమిషాలు విన్నవాళ్లున్నారా? ఎత్తు పెరగని తకహాషి అనే పిల్లవాడు అన్ని పోటీల్లో గెలిచేలా ఆటలు తయారుచేసింది కూడా ఆ హెడ్‌మాస్టరే.

ఆ పుస్తకంలో నన్ను పట్టుకున్న అధ్యాయం ఇంకొకటుంది. మసావో అనే కొరియా పిల్లవాడు దారిలో తొత్తోచాన్‌ని చూసి "కొరియావాళ్లు!" అని తిట్టులా అరుస్తాడు. ఆమె ఏమో జపాన్ పిల్ల. ఇంటికెళ్లి అమ్మని అడుగుతుంది. అమ్మ కళ్లు చెమరుస్తాయి. కొరియా అప్పుడు జపాన్ పాలనలో ఉంది. ఆ పిల్లవాడిని అందరూ అదే మాటతో తిట్టీ తిట్టీ, తన జాతి పేరే ఒక బూతు మాట అనుకున్నాడు. అందుకే కోపం వచ్చినప్పుడు తను కూడా ఆ మాటే వాడాడు. ఇది నేను ఒక కాలనీలో చదివి వినిపించినప్పుడు పిల్లలు గప్‌చుప్ అయిపోయారు. యానాది, ఎరుకల, లంబాడి, కోయ. ఈ పేర్లని తిట్లుగా వాడటం మనం వినలేదా? మన పిల్లలే ఒకళ్లనొకళ్లు అలా అనుకోవడం చూడలేదా? వివక్ష గురించి నేనిచ్చిన ఉపన్యాసాలు చేయని పని ఆ నాలుగైదు పేజీలు చేశాయి.

రెండోది తెలుగులో నా కంట పడలేదు, ఇంగ్లీషులో ఉంది. అయినా చెబుతాను, ఎందుకంటే డిగ్రీ చదివిన మీరు దాన్ని చదివి మన మాటల్లో చెప్పగలరు. లూయీస్ ఎర్డ్రిచ్ 1999లో రాసిన 'ద బర్చ్‌బార్క్ హౌస్'. ఆమె అమెరికా ఆదివాసీ, ఓజిబ్వే జాతి. కథ 1847లో సుపీరియర్ సరస్సులోని ఒక దీవిలో జరుగుతుంది. ఒమకయాస్ అనే ఏడేళ్ల పిల్ల. బెరడుతో ఇల్లు కట్టడం, తోళ్లు శుభ్రం చేయడం అంటే ఆమెకి పరమ విసుగు, చేలో పక్షుల్ని తోలడం, ఒక కాకిని పెంచుకోవడం, తమ్ముడి మీద చిరాకు. మన ఇంట్లో పిల్లే అనిపిస్తుంది. తర్వాత మశూచి వస్తుంది. చిన్నారి తమ్ముడు పోతాడు. ఏడిపించే పుస్తకమే, కానీ పిల్ల చివరిదాకా నిలబడుతుంది, ఎవరో వచ్చి నిలబెట్టరు.

ఈ పుస్తకం పక్కనే పెట్టి చూడాల్సింది అమెరికాలో తరాల తరబడి పిల్లలు చదివిన 'లిటిల్ హౌస్ ఆన్ ద ప్రెయిరీ'. లారా ఇంగల్స్ వైల్డర్ 1935లో రాసింది. తెల్ల కుటుంబం కొత్త నేలకి వెళ్లి ఇల్లు కట్టుకునే కథ. మొదటి ముద్రణల్లో, అక్కడ మనుషులే లేరని, ఉన్నది ఇండియన్లు మాత్రమేనని అర్థం వచ్చే వాక్యం ఉండేది. ఒక పాఠకురాలు రాసిన ఉత్తరం తర్వాతే 1950లలో దాన్ని మార్చారు. 2018లో అమెరికా పిల్లల లైబ్రేరియన్ల సంఘం తన అవార్డు నుంచి వైల్డర్ పేరు తీసేసింది. ఆదివాసులు ఉన్న నేలని ఖాళీ నేల అని రాసే అలవాటు ఎక్కడిదో మనకి వేరే చెప్పక్కర్లేదు, రెవెన్యూ రికార్డుల్లో రోజూ చూస్తున్నాం. వైల్డర్ పుస్తకం చదవొద్దని మాత్రం నేను అనను. ఆ ఇల్లు ఎవరి నేల మీద కట్టారో తెలిశాక చదవండి అంటాను.

ఇప్పుడు నాకూ మన సంఘంలో కొందరు అన్నలకీ ఉన్న ఒక పేచీ. "పిల్లలకి కొమురం భీం ఇవ్వండి, బిర్సా ముండా ఇవ్వండి, మిగతావన్నీ కాలక్షేపం" అంటారు. అన్నా, ఆ మాటలో న్యాయముంది. మహాశ్వేతాదేవి బిర్సా మీద రాసిన నవల తెలుగులో 'ఎవరిదీ అడవి'గా వచ్చింది, సహవాసి అనువాదం. సాహు, అల్లం రాజయ్య కలిసి రాసిన 'కొమురం భీం' ఉంది. అలెక్స్ హేలీ 'ఏడు తరాలు' ఉంది. ఇవి మనం అందరం చదవాల్సినవే. కానీ పదో తరగతి దాటాక. బిర్సా 1900లో రాంచీ జైల్లో చనిపోయాడు, అప్పటికి పాతికేళ్లు కూడా నిండలేదు. ఆ చావుని పదేళ్ల పిల్ల మీద పెట్టి, నువ్వు కూడా ఇలా కావాలి అంటే ఆమె ఏం చేస్తుంది? పై కులాల పిల్లలకి మాత్రం రెక్కల గుర్రాలు, మాయా ద్వీపాలు, డిటెక్టివ్ కథలు. మన పిల్లలకి కష్టాలు, కాల్పులు, జైళ్లు. ఇది కూడా ఒక రకం వివక్షే కదా?

సంతాలీ రచయిత హాంస్‌దా సౌవేంద్ర శేఖర్ 2018లో పిల్లల కోసం ఏం రాశాడో చూడండి. 'జ్వాలా కుమార్ అండ్ ద గిఫ్ట్ ఆఫ్ ఫైర్'. చలి, వాన ఉన్న రాత్రి ఒక పేద కుటుంబానికి గాయపడిన వింత జంతువు దొరుకుతుంది, ఇంటికి తెచ్చుకుంటారు. అది నిప్పు ఊదుతుంది. డ్రాగన్ అన్నమాట! జార్ఖండ్ నుంచి వచ్చిన ఆదివాసీ డాక్టరు, పెద్దల కోసం చాలా బరువైన కథలు రాసిన మనిషి, పిల్లల దగ్గరికి వచ్చేసరికి డ్రాగన్‌ని ఇచ్చాడు. నాకది చాలా నచ్చింది. ఇంగ్లీషు తేలికగానే ఉంటుంది, ఇంటర్ పిల్లలు తమ్ముళ్లకి చదివి చెప్పగలరు.

పోరాటం కావాలనుకునే పన్నెండు పదమూడేళ్ల వాళ్లకి సిద్ధార్థ శర్మ రాసిన 'ఇయర్ ఆఫ్ ద వీడ్స్'. ఒడిశాలో కొరోక్ అనే గోండు కుర్రాడు, తోటపని అతని పని, తండ్రి జైల్లో. ఊరి కొండ కింద బాక్సైట్ ఉందని కంపెనీ వస్తుంది. దీని వెనక నియమగిరి పోరాటం ఉంది. 2013లో సుప్రీంకోర్టు తీర్పు తర్వాత 12 గ్రామసభలు పన్నెండూ తవ్వకం వద్దన్నాయి, గుర్తుందిగా. రచయిత ఆదివాసీ కాదు, కానీ కొరోక్ ఎవరి కోసమూ ఎదురుచూడడు. నా ప్రశ్నకి ఈ పుస్తకం పాసైంది.

సోవియట్ కాలంలో తెలుగులోకి వచ్చిన ఐత్మాతోవ్ కథ, కిర్గిజ్ ఊళ్లో మొదటి టీచరు గురించినది, పాత పుస్తకాల్లో దొరికితే వదలకండి. సరిగా చదువురాని కుర్రాడు దుయ్షెన్ గుర్రాల పాకలో బడి పెడతాడు, పిల్లల్ని ఎత్తుకుని ఏరు దాటిస్తాడు. అనాథ పిల్ల అల్తినాయ్‌ని ఇంట్లోవాళ్లు బలవంతంగా పెళ్లికి అమ్మేస్తారు. ఆ భాగం చిన్నపిల్లలకి వద్దు. తొమ్మిదో తరగతి ఆడపిల్లలకి మాత్రం తప్పకుండా ఇవ్వండి, మీరు పక్కన కూర్చుని.

నవల అంటేనే బెదిరే పిల్లలకి మహాశ్వేతాదేవి 'వై-వై గర్ల్'తో మొదలుపెట్టొచ్చు. శబర పిల్ల మొయినా ప్రతిదానికీ ఎందుకు అంటుంది. బాబుల మేకల్ని నేనెందుకు కాయాలి అంటుంది. బొమ్మల పుస్తకమే, చెన్నై తూలికా వాళ్లది. తర్వాత నవలకి దారి అదే దొరుకుతుంది.

డబ్బులెక్కడివి అంటారు. ఇంటి పన్ను కట్టేటప్పుడు రసీదు చూడండి, గ్రంథాలయ సెస్సు ఉంటుంది, రూపాయికి 8 పైసలు. మనం కూడా కడుతున్నాం. కాబట్టి లైబ్రరీకి వెళ్లి, ఫలానా పిల్లల నవలలు కొనండి అని పేర్లు రాసి అర్జీ పెట్టడం అడుక్కోవడం కిందకి రాదు. పది మంది సంతకాలతో పెట్టండి, నకలు మీద తేదీ, ముద్ర వేయించుకోండి, మిగతా అర్జీలకి చేసినట్టే. జనవరిలో విజయవాడ పుస్తక మహోత్సవానికి ఇద్దరు వెళ్లి మంచి పుస్తకం, హైదరాబాద్ బుక్ ట్రస్ట్, నేషనల్ బుక్ ట్రస్ట్ స్టాళ్లు చూసి రండి. ఫోన్ ఉన్నవాళ్లకి ప్రథమ్ బుక్స్ వాళ్ల స్టోరీవీవర్‌లో తెలుగు కథలు ఉచితం. ఒడిశాలో కుయి, సవర, ముండా, జువాంగ్ భాషల్లో కూడా వాళ్లు పిల్లల పుస్తకాలు తెచ్చారు. మన దగ్గర కోయ భాషలో పిల్లల నవల ఏదీ అని అడిగితే నేను చూపించలేను.

అది ఎవరో వచ్చి రాయాల్సింది కాదు. డోలు కొడుతూ సమ్మక్క కథని, కోయ వంశాల కథల్ని గంటల తరబడి పాడిన సకిని రామచంద్రయ్యకి 2022లో పద్మశ్రీ వచ్చింది, ఆయన 2024లో కన్నుమూశారు. అలాంటి గొంతులు ఒక్కొక్కటే వెళ్లిపోతున్నాయి. అదే 2024లో బంజారా యువకుడు రమేష్ కార్తీక్ నాయక్ 'ఢావ్లో' కథలకి సాహిత్య అకాడమీ యువ పురస్కారం వచ్చింది. అవి పెద్దల కథలు. మీలో ఎవరో ఒకరు తండా పిల్లో, గూడెం పిల్లాడో కథానాయకులుగా ఒక ఎండాకాలం సెలవుల నవల రాయాలని నా ఆశ. చిన్నది చాలు, 80 పేజీలు. అందులో దెయ్యం ఉన్నా పర్లేదు.

ఈలోపు 'రైలుబడి' ఒక కాపీ కొనండి. రోజుకో అధ్యాయం, పావుగంట, బిగ్గరగా. మీ ఇంటి భాషలోకి మార్చి చెప్పాలనిపించిన చోట మార్చి చెప్పండి. మసావో అధ్యాయం వచ్చిన రోజు తొందరపడకండి. చదివాక ప్రశ్నలు వేయొద్దు, నీతి చెప్పొద్దు. పిల్లలు వాళ్లంతట వాళ్లు మాట్లాడితే వినండి, అవసరమైతే నాలుగు గంటలైనా. మాట్లాడకపోతే పుస్తకం మూసి, పేజీ దగ్గర ఒక ఆకు పెట్టి, రేపటికి ఉంచండి.