కొట్టు బాగుచేసుకోవడానికి అప్పు

గడ్చిరోలి జిల్లాలో వైన్‌గంగ దాపున ఉన్న చామోర్షికి చుట్టుపక్కల పల్లెల వాళ్లు బేరానికి వస్తారు. వానాకాలం దాటాక కొట్టు కప్పు కురుస్తోందనో, గోడ చెమ్మగిల్లిందనో వర్తకులకు ఖర్చు తప్పదు. మరి డబ్బు ఎక్కడిది?

అమెరికాలో చాలా పట్టణాల పాలకసంఘాలు పాత దుకాణాల ముఖభాగాలు బాగుచేయడానికి తక్కువ వడ్డీకి తామే అప్పిస్తాయి. మన దగ్గర దారి వేరు. నగర పంచాయతీ అనుమతి ఇస్తుంది, పన్ను రశీదు ఇస్తుంది. అప్పు మాత్రం బ్యాంకుదే.

2015 ఏప్రిల్‌లో మొదలైన ముద్రా పథకంలో శిశు విభాగం కింద 50 వేల వరకు, కిశోర్ కింద 5 లక్షల వరకు, తరుణ్ కింద 10 లక్షల వరకు పూచీకత్తు లేకుండా ఇస్తారు. తరుణ్ అప్పు సక్రమంగా తీర్చినవారికి 20 లక్షల దాకా దారి ఉంది. కొట్టు బాగుపడితే వ్యాపారం ఎలా పెరుగుతుందో బ్యాంకుకు లెక్క చూపించాలి. చిన్న వ్యాపారాల కోసం ఉన్న ఉద్యమ్ నమోదు ఉచితం. దానికి దళారికి పైసా ఇవ్వనక్కర్లేదు.

తోపుడు బండి వాళ్లకు స్థానిక సంస్థ నేరుగా తోడుపడే పథకం స్వనిధి. 2020 జూన్‌లో వచ్చింది. 2025 మార్పుల తర్వాత తొలి అప్పు 15 వేలు, తర్వాత 25 వేలు, ఆపైన 50 వేలు. సకాలంలో కట్టినవారికి 7 శాతం వడ్డీ రాయితీ. ఈ అప్పు పెట్టుబడికే గాని నిర్మాణానికి కాదు.

కొట్టు మీద అంతస్తు వేయాలనుకునేవారు మాత్రం అప్పు సంతకానికి ముందే నగర పంచాయతీ అనుమతి చేతికి తీసుకోవాలి.