దూరాన ఉన్న రక్తసంబంధం, చేరవలసిన పండుగ కానుక

(బషీర్‌బాగ్, హైదరాబాద్: రమజాన్ మాసపు జుమా ప్రసంగ పాఠం)

సకల స్తోత్రాలు సర్వలోకాల ప్రభువైన అల్లాహ్‌కే శోభిస్తాయి. ఆయన మనల్ని ఒకే ప్రాణి నుండి సృజించాడు. మన మధ్య రక్తసంబంధాలను, వైవాహిక బంధుత్వాలను నెలకొల్పాడు. అంతిమ దైవప్రవక్త ముహమ్మద్ (సల్లల్లాహు అలైహి వసల్లం)పై, ఆయన కుటుంబీకులపై, సహచరులపై అల్లాహ్ శాంతి శుభాలు వర్షించుగాక!

ధర్మ సోదరులారా! సోదరీమణులారా!

రమజాన్ చివరి దశకం సమీపించింది. తరావీహ్ ముగియగానే మన అడుగులు ఆబిడ్స్ బజారు వైపు, మొజంజాహీ మార్కెట్ వైపు సాగుతున్నాయి. బట్టలు, చెప్పులు, అత్తరు, ఖర్జూరం, సేమ్యా కొంటున్నాము. పండుగకు మంచి బట్టలు ధరించడం, ఇంటివారిని సంతోషపెట్టడం ధర్మసమ్మతమే. అయితే మన ఇంటి పండుగలో భాగం ఉండి కూడా మన ఇంట్లో లేనివారు కొందరున్నారు. వారు జిద్దాలో, రియాద్‌లో, దుబాయిలో, కువైట్‌లో ఉన్నారు. మరికొందరు కడప, కర్నూలు, గుంటూరు, నల్లగొండ జిల్లాల పల్లెల్లో మన కోసం ఎదురుచూస్తున్నారు. వారి హక్కు గురించి ఈనాడు మనం ఆలోచిద్దాము.

దివ్యఖుర్ఆన్‌లోని నిసా సూరా మొదటి ఆయతులోనే అల్లాహ్ తన పట్ల భయభక్తులను ఆదేశిస్తూ, దాని వెంటనే బంధుత్వ సంబంధాల విషయంలో జాగ్రత్త వహించమని హెచ్చరించాడు. బనీ ఇస్రాయీల్ సూరా 26వ ఆయతులో బంధువుకు అతని హక్కును ఇవ్వమన్నాడు. ఇక్కడ రెండు విషయాలు గమనించాలి. మొదటిది, బంధువుకు ఇచ్చేదాన్ని అల్లాహ్ మన దయ అనలేదు, అతని హక్కు అన్నాడు. రెండవది, అదే ఆయతులో దుబారాను నిషేధించాడు. అంటే ఇవ్వాలి, కాని ఆడంబరం కోసం కాదు. ఎవరికి ఏది అవసరమో తెలుసుకుని ఇవ్వాలి. తెలుసుకోవడం ముందు, ఇవ్వడం తరువాత. ఈ జుమాలో మనం గ్రహించవలసిన ముఖ్య విషయం ఇదే.

ఇమాం బుఖారీ సేకరించిన ఒక హదీసును చూద్దాము. దానిని హజ్రత్ అబ్దుల్లాహ్ బిన్ ఉమర్ (రజి) ఉల్లేఖించారు. మదీనా బజారులో ఒక పట్టు వస్త్రం అమ్మకానికి వచ్చింది. దానిని కొని పండుగనాడు, రాయబారులు వచ్చినప్పుడు ధరించవలసిందిగా హజ్రత్ ఉమర్ (రజి) దైవప్రవక్త (స)ను కోరారు. అది పరలోకంలో భాగం లేనివారు ధరించే దుస్తు అని ఆయన (స) నిరాకరించారు. కొంతకాలానికి అటువంటి వస్త్రాన్నే ఆయన (స) ఉమర్ (రజి)కి పంపించారు. ఉమర్ (రజి) ఆశ్చర్యపడి కారణం అడిగారు. అది ఆయన ధరించడానికి కాదని, అమ్ముకోవచ్చునని లేదా మరొకరికి ఇవ్వవచ్చునని ప్రవక్త (స) వివరించారు. అప్పుడు ఉమర్ (రజి) ఆ వస్త్రాన్ని మక్కాలో ఉన్న తన సోదరునికి పంపారు. ఆ సోదరుడు అప్పటికి ఇస్లాం స్వీకరించలేదు.

ఒక్కసారి ఆలోచించండి. విలువైన వస్తువు చేతికి రాగానే ఉమర్ (రజి)కి గుర్తుకు వచ్చింది దూరనగరంలో ఉన్న సోదరుడు. ఇరువురి నడుమ వందల మైళ్ళ ఎడారి ఉంది. అంతకు మించి విశ్వాసంలో వ్యత్యాసం ఉంది. అయినా రక్తసంబంధం తెగిపోలేదు. హజ్రత్ అస్మా బిన్తె అబూబక్ర్ (రజి) విషయంలోనూ ఇదే బోధ ఉంది. ఇస్లాం స్వీకరించని తన తల్లి వచ్చినప్పుడు ఆదరించవచ్చునా అని ఆమె అడుగగా, తల్లితో సంబంధాన్ని నిలుపుకోమని ప్రవక్త (స) ఆదేశించారు. మనలో ఇతర మతస్తులైన తల్లిదండ్రులు, అన్నదమ్ములు ఉన్నవారు ఈ రెండు ఉదంతాలను మనసులో నిలుపుకోవాలి.

ఇక నేటి మన స్థితిని పరిశీలిద్దాము. గత శతాబ్దపు 70వ దశకంలో చమురు ధరలు పెరిగినది మొదలు ఈ నగరం నుండి, తెలుగు జిల్లాల నుండి లక్షలాది మంది గల్ఫ్ దేశాలకు తరలివెళ్ళారు. భారతీయ రిజర్వు బ్యాంకు 2023-24 సంవత్సరానికి జరిపిన సర్వే ప్రకారం, విదేశాల నుండి మన దేశానికి వచ్చే సొమ్ములో 8.1 శాతం తెలంగాణకే చేరింది. రాష్ట్రాలలో ఇది నాలుగవ స్థానం. ఆ సొమ్ముతో ఇళ్ళు లేచాయి, ఆడపిల్లల నికాహ్‌లు జరిగాయి, పిల్లలు చదువుకున్నారు. దీనికి మనం అల్లాహ్‌కు కృతజ్ఞత చెల్లించాలి, ఆ సొమ్ము పంపినవారికి కూడా కృతజ్ఞత తెలుపుకోవాలి. మనుషులకు కృతజ్ఞత చూపనివాడు అల్లాహ్‌కు కృతజ్ఞుడు కాజాలడని ప్రవక్త (స) బోధించారు.

అయితే వచ్చిన రూపాయలను లెక్కించినంత శ్రద్ధగా వాటిని పంపినవాని క్షేమాన్ని మనం విచారిస్తున్నామా? ఫోను మోగగానే ఈ నెల ఎంత పంపుతావు అన్నది మన మొదటి మాట అయితే, అవతల ఉన్నవాడు కొడుకుగా, తమ్మునిగా కాక ఒక ఖాతాగా మిగిలిపోతాడు. పండుగ ముందు మనం పంపే కోరికల జాబితాను అతడు చదువుకుంటాడు. వీసా కోసం చేసిన అప్పు ఇంకా తీరలేదని చెప్పడానికి వెనుకాడతాడు. కువైట్ ఇళ్ళలో పనిచేస్తున్న మన అక్కచెల్లెళ్ళు ఎందరో ఉన్నారు. రమజాన్‌లో వారికి పని తగ్గదు, పెరుగుతుంది. ఇతరుల ఇఫ్తార్ విందుకు వండివడ్డించి, తాము నిలబడే ఉపవాసం విరమించే తల్లులు వారిలో ఉన్నారు. వారి పిల్లలు ఇక్కడ నానమ్మల దగ్గరో, పిన్నమ్మల దగ్గరో పెరుగుతున్నారు.

ఒక చిన్న విషయం గమనించండి. గల్ఫ్ దేశాలలో పండుగ తరచుగా మనకంటే ఒకరోజు ముందు వస్తుంది. ఆనాడు మనకింకా ఉపవాసమే గనుక వారి పండుగ మన తలపుకు రాదు. మరునాడు మనం షీర్‌ఖుర్మా తాగుతూ ముబారక్ చెప్పడానికి ఫోను చేసేసరికి, వారిలో చాలామందికి పండుగ ముగిసి డ్యూటీ మొదలై ఉంటుంది. నమాజు చేసి గదికి తిరిగివచ్చిన ఆ ఒంటరి ఉదయమే వారికి మన గొంతు అవసరం. కాబట్టి వారి పండుగనాడే ఫోను చేయండి. సౌదీ, కువైట్ సమయం మనకంటే రెండున్నర గంటలు, దుబాయి సమయం గంటన్నర వెనుక ఉంటుంది. అది చూసుకుని చేయండి. పిల్లలచేత మాట్లాడించండి. ఆ ఒక్క సంభాషణలో డబ్బు ప్రస్తావన తీసుకురాకండి. దీనికి ఖర్చు లేదు. గొప్ప కానుక ఇదే కావచ్చు.

సోదరులారా! దూరమైన కుటుంబం గురించి దివ్యఖుర్ఆన్‌లో ఒక సూరా యావత్తూ ఉంది. హజ్రత్ యూసుఫ్ (అలైహిస్సలాం) పరదేశంలో ఉన్నత పదవిలో ఉన్నారు. కరువుకాలంలో ధాన్యం కోసం వచ్చిన సోదరులకు ధాన్యం ఇచ్చి, వారు చెల్లించిన మూల్యాన్ని వారికి తెలియకుండా వారి సామాన్లలోనే తిరిగి పెట్టించారు. తన ఉపకారాన్ని చాటలేదు, వారిని చిన్నబుచ్చలేదు. చివరకు తండ్రి యాఖూబ్ (అలైహిస్సలాం)కు పంపినది బంగారం కాదు, తన చొక్కా! ఏడ్చి ఏడ్చి చూపు కోల్పోయిన ఆ తండ్రికి ఏది అవసరమో ఆయనకు తెలుసు. ఆ చొక్కా ముఖంపై వేయగానే అల్లాహ్ ఆజ్ఞతో యాఖూబ్ (అలైహిస్సలాం)కు చూపు వచ్చింది.

ఆ చొక్కాను తెచ్చినవానిని ఖుర్ఆన్ 'బషీర్' అన్నది. అంటే శుభవార్త తెచ్చేవాడు. మనం నమాజుకు చేరిన ఈ పేట పేరులోనూ ఆ పదమే ఉంది. 19వ శతాబ్దంలో నిజాం రాజ్యానికి ప్రధానమంత్రిగా పనిచేసిన సర్ ఆస్మాన్ జాహ్‌కు బషీరుద్దౌలా అనే బిరుదు ఉండేది. ఆయన మహలుకు వచ్చిన బషీర్‌బాగ్ అనే పేరే ఈ పేటకు నిలిచింది. మనలో ప్రతి ఒక్కరూ తమ వారికి ఒక బషీర్ కావచ్చు. నాంపల్లి స్టేషనులో రైలెక్కి పల్లెకు పోయి అమ్మ పక్కన రెండు రోజులు కూర్చున్న కొడుకు శుభవార్తే. దుబాయి నుండి వచ్చిన కార్గో పెట్టె ఆ కొడుకుకు సాటి రాదు.

ఇక ఇచ్చే విధానం గురించి కొన్ని మాటలు.

మొదటిది: అవసరమైన బంధువును ముందు చూడండి. పేదకు ఇచ్చే దానానికి ఒక పుణ్యం, బంధువుకు ఇచ్చే దానానికి దానం, బంధుత్వ పోషణ అనే రెండు పుణ్యాలు ఉన్నాయని సల్మాన్ బిన్ ఆమిర్ (రజి) ఉల్లేఖించిన హదీసు తెలుపుతున్నది. హజ్రత్ అబూతల్హా (రజి) తనకు అత్యంత ప్రియమైన బైరుహా తోటను అల్లాహ్ మార్గంలో ఇవ్వజూపినప్పుడు, దానిని దగ్గరి బంధువులకు పంచమని ప్రవక్త (స) సూచించారు. విశ్వాసుల మాత హజ్రత్ మైమూనా (రజి) ఒక బానిసరాలిని విముక్తి చేశానని చెప్పినప్పుడు, ఆమెను తన మేనమామలకు ఇచ్చి ఉంటే మరింత పుణ్యం లభించేదని ఆయన (స) తెలిపారు. మంచి పనిలో సైతం ఎవరి అవసరం ఎక్కువ అన్న ఆలోచన ఉండాలి.

రెండవది: జకాత్ విషయం. తల్లిదండ్రులకు, తాత అవ్వలకు, సంతానానికి, మనవలకు జకాత్ చెల్లదు. వారిని ఆదుకోవడం మన సొంత బాధ్యత. అన్నదమ్ములు, అక్కచెల్లెళ్ళు, మేనత్తలు, మేనమామలు, వారి పిల్లలు అర్హులైతే ఇవ్వవచ్చు. హనఫీ ధర్మవేత్తల ప్రకారం అది జకాత్ అని పుచ్చుకునేవారికి చెప్పవలసిన పని లేదు, ఇచ్చేవాని సంకల్పం చాలు. ఆత్మాభిమానం గల పేద చెల్లెలికి దానిని పండుగ కానుకగా అందించవచ్చు. జకాత్‌ను వేరే ఊరికి పంపడం సాధారణంగా అవాంఛనీయమే అయినా, అక్కడ అవసరంలో ఉన్న బంధువు ఉంటే ఆ అభ్యంతరం లేదు. సయ్యద్ వంశీయులైన బంధువులకు జకాత్ చెల్లదు గనుక వారికి మన సొంత సొమ్ములో నుండి కానుక ఇవ్వాలి.

మూడవది: సకాలంలో పంపండి. పండుగ ముందురోజు రాత్రి చేరిన డబ్బుతో పల్లెలోని తల్లి పిల్లలకు బట్టలు కొనలేదు, దర్జీ కుట్టలేడు. ఈ వారమే పంపండి. ఫిత్రాను పండుగ నమాజుకు ముందే ఇవ్వమని ప్రవక్త (స) ఆదేశించడంలోనూ పేదవాడు ఆనాటి పండుగలో పాలుపంచుకోవాలన్న ఉద్దేశం ఉంది.

నాలుగవది: మనం పుచ్చుకోవడానికి ఇష్టపడని వస్తువును ఇతరులకు ఇవ్వరాదని బఖరా సూరా బోధిస్తున్నది. ఇచ్చి ఎత్తిపొడిస్తే ఆ దానం వ్యర్థమవుతుందనీ అదే సూరా హెచ్చరిస్తున్నది. పుచ్చుకునేవారికీ ఒక మర్యాద ఉంది. మేక గిట్ట అయినా సరే, పొరుగింటి కానుకను చులకన చేయవద్దని ప్రవక్త (స) స్త్రీలకు ఉద్బోధించారు. గల్ఫ్ నుండి వచ్చిన తమ్ముడు తెచ్చిన దుప్పటిని పక్కింటివారి టీవీతో పోల్చకండి.

ఐదవది: తెగిన సంబంధాన్ని కలపండి. బదులుకు బదులు ఇచ్చేవాడు బంధుత్వాన్ని నిలిపినవాడు కాడని, ఇతరులు తెంచుకున్నా తాను కలుపుకునేవాడే నిజంగా నిలిపినవాడని ప్రవక్త (స) స్పష్టం చేశారు. పొలం పంపకం దగ్గరో, పెళ్ళిమాటల దగ్గరో అన్నతో మాట మానేసినవారు మనలో ఉన్నారు. ఇటు ఉపవాసాలు, అటు ఆ మౌనం. ఇంటికి వెళ్ళాక ఇఫ్తార్‌కు ముందే ఆ నంబరుకు ఫోను చేయండి. సలాంతో మొదలుపెట్టేవాడే ఇద్దరిలో ఉత్తముడు.

ఓ అల్లాహ్! మా తల్లిదండ్రులను కరుణించు. పరదేశాలలో శ్రమిస్తున్న మా సోదర సోదరీమణుల ఆరోగ్యాన్ని, గౌరవాన్ని, విశ్వాసాన్ని కాపాడు. వారి అప్పులు తీర్చు, వారిని క్షేమంగా తమ పిల్లల దగ్గరకు చేర్చు. మా మధ్య తెగిన బంధాలను కలుపు. మేమిచ్చే దానిలో ప్రదర్శనను తొలగించి, నీ ప్రీతిని నింపు. మా ఉపవాసాలను, నమాజులను, దానాలను స్వీకరించు. ఆమీన్.